ఆదిమానవుని వేట: గ్రామపు నేల చెప్పు చరిత్ర

గ్రామ పంచాయతీ కార్యాలయమున ఎన్నియో పుస్తకములుండును. ఇంటిపన్ను పట్టికలు, జనన మరణముల లెక్కలు, తీర్మానముల పుస్తకము, ఇవన్నియు గ్రామచరిత్రకు ఆధారములే. అయినను వీనిలో మిక్కిలి పాతవి సయితము కొన్ని తరముల క్రిందటివి మాత్రమే. అంతకు పూర్వము వేలకొలది సంవత్సరములపాటు మన దక్కను నేలపై మనుష్యులు పుట్టి, పెరిగి, ఆకలి తీర్చుకొని, బిడ్డలను సాకి గతించినారు. వారికి వ్రాత లేదు. నాగలి లేదు. ఇనుము లేదు. వారు మనకు విడిచిపోయిన దస్తావేజు రాయి ఒక్కటే. ఆ రాతిని చదువు విద్య నేడు కొంత మనకు అబ్బినది. ఆ విద్యవలన ఆదిమానవుడు జంతువులనెట్లు వేటాడెనో, ఏమి తినెనో తెలిసికొన వీలగుచున్నది.

చేవెళ్ళ, మొయినాబాదు మండలముల పంచాయతీ సభ్యులకు ఈ సంగతి తెలియుట ఎందులకు అవసరమో ముందుగానే చెప్పెదము. ఈ దస్తావేజు ఏ కచేరీలోను భద్రముగా లేదు. అది వాగు గట్టులలో, మొరం గుంతలలో, బండల నీడలలో, చెరువు పూడికలో పడియున్నది. హైదరాబాదు నగరము ఈ వైపునకు పెరిగివచ్చుచున్నది. నేల చదును చేయబడుచున్నది, గుట్టలు పగులగొట్టబడుచున్నవి. ఒకనాటి ఉదయమున యంత్రము వచ్చి సాయంకాలమునకు తొలగించిన మట్టిలో పదివేల యేండ్ల చరిత్ర పోవచ్చును. అది పోయినదన్న సంగతియైనను ఎవ్వరికిని తెలియకపోవచ్చును. తెలిసిన కన్ను గ్రామమున ఒక్కటియున్నచో ఆ నష్టము తప్పును.

నేల, నీరు, మృగము

వేటను గూర్చి తెలిసికొనుటకు ముందు నేలను చూడవలెను. మూసీ నది వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించుచు వచ్చును. దానికి దక్షిణమున ఈసీ వాగు పారును. నగరమునకు త్రాగునీటికొరకు 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరును, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరును నిర్మించిరి. ఈ రెండు నీటిదారుల మధ్యను, వాని ఇరుప్రక్కలను మన గ్రామములు వెలసియున్నవి. తూర్పున మొయినాబాదు వైపు గ్రానైటు బండలు కుప్పలుకుప్పలుగా కన్పట్టును. పడమట వికారాబాదు దిక్కుగా పోయినకొలది నల్లరాతి నేలయు, నల్లరేగడియు, ఎర్రని జేగురుమట్టియు తగులును.

ఇట్టి నేల వేటగానికి అనుకూలమైనది. వర్షాకాలమున పచ్చిక మొలచినపుడు జింకలు, దుప్పులు, మనుబోతులు మైదానములపై మేయును. ఎండలు ముదిరిన పిదప వాగులు ఎండి అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగులును. అప్పుడు మేసెడి జంతువులన్నియు ఆ మడుగులకు రాక తప్పదు. దప్పిగొన్న మృగము దారి మార్చుకొనజాలదు. మడుగునకు చేరువలో బండల చాటున పొంచియుండుట వేటగానికి సులభము. అందుచేతనే ఆదిమానవుని పనిముట్లు దేశమున ఎక్కువగా నదీతీరములందు, వాగుల గులకరాళ్ళ పొరలందు, నీటికి సమీపమునగల రాతి గుహలయందు దొరకుచున్నవి. కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములందు బౌద్ధ విహారములే గాక పాత రాతియుగపు పనిముట్లును బయల్పడినవి. నాగార్జునసాగరు జలములలో ఆ లోయ మునుగుటకు ముందే ఈ పరిశోధన జరుగుటచేత ఆ సంగతులు మనకు దక్కినవి.

రాయి ఆయుధమైన విధము

మన దేశమున పాత రాతియుగపు పనిముట్టును మొదట గుర్తించినవాడు భూగర్భశాస్త్ర శాఖలో పనిచేసిన రాబర్టు బ్రూసు ఫూటు. 1863 మే నెలలో మద్రాసు చెంత పల్లావరమున ఎర్రమట్టి గుంతలో ఆయనకొక చెక్కిన రాయి దొరకినది. అంతకు పూర్వము అట్టి రాళ్ళను ఎందరో చూచియుందురు, త్రొక్కి పోయియుందురు. చూచినది మనుష్యుని చేతిపని యని గుర్తించుట ఆయన విశేషము.

తొలికాలపు పనిముట్టు చేతిగొడ్డలి. అరచేతిలో ఇముడునంతటి గట్టి రాతిని మరియొక రాతితో ఇరువైపుల కొట్టి, ఒక కొన సూదిగాను, అంచులు వాదరగాను చేసెడివారు. దీనికి పిడి లేదు. దీనిని విసరి జంతువును చంపిరని తలచుట సరికాదు. చచ్చిన జంతువు తోలు చీల్చుటకు, కీళ్ళు విడదీయుటకు, ఎముకలు పగులగొట్టి మూలుగ తీయుటకు, దుంపలు త్రవ్వుటకు ఇది ముఖ్యముగా పనికివచ్చినది. పులియో, తోడేళ్ళో చంపి విడిచిన మృగమునుండి మాంసము కోసికొనుటయు ఆనాటి జీవనములో ఒక భాగమే.

చంపుటకు వాడినది ముఖ్యముగా కొయ్య ఈటె. కొయ్య నేలలో పుచ్చిపోవును గనుక మన దేశమున అది దొరకుట అరుదు. జర్మనీ దేశమున షోనింగెన్ అనుచోట బొగ్గు గనిలో 1990 దశకమున కొయ్య ఈటెలు చెడకుండ దొరకినవి. అవి రెండు మూడు లక్షల యేండ్ల నాటివని పండితుల అంచనా. వానితోపాటు గుఱ్ఱముల ఎముకలు అనేకము కత్తిగాట్లతో బయల్పడినవి. అంత పూర్వముననే మనుష్యులు గుంపుగా కూడి పెద్ద జంతువులను చంపగలిగిరని దీనివలన తెలియుచున్నది.

కాలము గడచినకొలది పనిముట్టు చిన్నదైనది, పదునెక్కినది. పెద్ద రాతినుండి పలుచని చెక్కులను లేపి వానిని పనిముట్లుగా మలచు నేర్పు వచ్చినది. తుదకు బొటనవ్రేలి గోరంతటి చిట్టి రాళ్ళు పుట్టినవి. కొన్ని నెలవంక ఆకారమున, కొన్ని ముక్కోణముగ, కొన్ని సన్నని బద్దలుగ ఉండును. పండితులు వీనిని సూక్ష్మ శిలాపరికరములందురు. ఇంత చిన్న రాయి ఒంటరిగా దేనికిని పనికిరాదు. కొయ్యకో, ఎముకకో గాడి తీసి, చెట్టు బంకతో దీనిని అందులో అతికించినచో అమ్ము ములుకగును. వరుసగా నాలుగైదు అతికించినచో కోయు కత్తి యగును. ఒక రాయి విరిగినచో దానిని మాత్రము తీసి వేరొకటి అమర్చిన చాలును. నాగటి కర్రు అరిగినచో కర్రును మార్చుకొని నాగలిని నిలుపుకొను రైతునకు ఈ యుక్తి క్రొత్తది కాదు.

విల్లు, అమ్ము వచ్చుటతో వేట రూపు మారినది. ఈటెతో పొడుచువాడు మృగమునకు దాపునకు పోవలెను. ప్రాణాపాయము మెండు. అమ్ము విడుచువాడు దూరమునుండియే కుందేలును, పిట్టను, జింకను కొట్టగలడు. సింహళద్వీపమున ఫాహియెన్ గుహలో సుమారు 48 వేల యేండ్ల నాటి ఎముక ములుకులు దొరకినవి. ఆ గుహవాసులు కోతులను, ఉడుతలను వేటాడి తినిరని అచ్చటి ఎముకలు చెప్పుచున్నవి. చెట్టుకొమ్మపై ఎగురు చిన్న జంతువును కొట్టుటకు ఈటె చాలదు గదా.

ఇచ్చట మన మండలములవారు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. గ్రానైటు గరుకురాయి. దానిని కొట్టిన పొడియగునేగాని పదునైన చెక్కు లేవదు. గ్రానైటు బండల నడుమ తెల్లని చారలుగ కన్పట్టు పలుగురాయి కొంత పనికివచ్చును. అంతకంటె మేలైనది చెకుముకి జాతి నునుపురాయి. కావున గ్రానైటు గుట్ట ప్రక్కన, సహజముగా పుట్టుటకు వీలులేనిచోట, పదునైన అంచుగల చెకుముకి చెక్కులు గుంపుగా కన్పట్టినచో వానిని ఎవరో మోసికొనివచ్చి అచ్చట కూర్చుండి చెక్కిరని ఊహింపవచ్చును.

వేట సాగిన తీరు

ఆదిమానవుని వేటయనగానే బలశాలియగు ఒక వీరుడు మదించిన మృగముతో పోరాడుట మన కన్నులకు కట్టును. నిజమునకు వేటలో బలముకంటె తెలివియు, తెలివికంటె ఓర్పును ఎక్కువగా కావలసివచ్చెను. వేటగాడు అడుగుజాడను చదువవలెను. పేడ తడి చూచి మంద ఎంతసేపటి క్రిందట కదలినదో గ్రహింపవలెను. తన వాసన మృగమునకు తగులకుండ గాలికి ఎదురు దిక్కున నిలువవలెను. ఏ చెట్టు ఏ నెలలో పండునో, ఆ పండ్లకు ఏ జంతువు వచ్చునో ఎరుగవలెను. ఈ విద్య తండ్రినుండి కొడుకునకు, అవ్వనుండి మనుమరాలికి నోటిమాటగా అందినది.

వేట విధములు స్థూలముగా నాలుగు. మొదటిది నీటిరేవు చెంత పొంచియుండుట. రెండవది తరుముట. కొందరు కేకలు వేయుచు, నిప్పు చూపుచు మందను ఇరుకు లోయలోనికో, బురద మడుగులోనికో తోలుదురు. అచ్చట కాచియున్నవారు దానిని పొడుతురు. మూడవది ఉచ్చులు, వలలు, గోతులు పన్నుట. నారతో పేనిన ఉచ్చు నేలలో నిలువదు గనుక దాని ఆనవాలు మనకు దొరకదు. గుహలలోని చిన్న జంతువుల ఎముకలను చూచి దానిని ఊహింపవలసియున్నది. నాల్గవది వెంబడించుట. గాయపడిన మృగమును నెత్తుటి చుక్కల జాడ పట్టి గంటలకొలది అనుసరించి, అది అలసి కూలినచోట పట్టుకొందురు.

మృగము కూలిన పిమ్మట చేయవలసిన పని చాల కలదు. తోలు ఒలువవలెను, మాంసము కోయవలెను, మూలుగ తీయవలెను, నరములను త్రాళ్ళుగా దాచవలెను, ఎముకను సూదిగాను ములుకగాను అరుగదీయవలెను. తోలు లోపలి కొవ్వును గోకుటకు అర్ధచంద్రాకారపు గోకుడు రాళ్ళను ప్రత్యేకముగా చేసికొనిరి. వేడి దేశమున మాంసము నిలువయుండదు. ఒక కుటుంబము ఒక మనుబోతును తినజాలదు. కనుక నేడు నాకు దొరకినది నీకు పెట్టుదును, రేపు నీకు దొరకినది నాకు పెట్టుము, అను కట్టుబాటు లేనిదే వేటజీవనము సాగదు. పొరుగువాని కడుపే నాటి మనుష్యుని గాదె. పంచుకొను నియమము ధర్మముగా వెలయుటకు చాల పూర్వమే అది ఆకలిని తప్పించుకొను ఉపాయముగా పుట్టినది.

గుహలు చెప్పిన సాక్ష్యము

ఈ సంగతులన్నియు కేవలము ఊహలా యని సభ్యులు అడుగవచ్చును. సాక్ష్యమును చూపుట మా విధి. కృష్ణకు ఆవల, నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల చెంత బిల్లసర్గము గుహలు గలవు. 1884, 1885 సంవత్సరములందు పైన చెప్పిన రాబర్టు బ్రూసు ఫూటును, ఆయన కుమారుడు హెన్రీయును ఈ గుహలలో త్రవ్వకములు జరిపిరి. గుహ మట్టిలో జింకలు, అడవిపందులు మొదలగు అనేక జంతువుల ఎముకలు దొరకినవి. వానిలో ఖడ్గమృగము ఎముకలును గలవు. ఆ ఎముకలను పరీక్షించిన లిడెక్కరు అను శాస్త్రజ్ఞుడు ఆ ఖడ్గమృగ జాతికి కర్నూలు పేరనే శాస్త్రనామము పెట్టెను. నేడు అస్సాము అడవులలో చూచు జంతువునకు జ్ఞాతి ఒకనాడు మన తెలుగునేలపై తిరిగినదన్నమాట.

ఎముకలతోపాటు ఎముకతో చేసిన పనిముట్లును అచ్చట కలవని ఫూటు చెప్పెను. ముళ్ళపంది కొరికిన ఎముకయు ఒక్కొక్కప్పుడు చెక్కిన పనిముట్టువలె కన్పట్టును గనుక పండితులు వెంటనే ఒప్పుకొనలేదు. దాదాపు తొంబది యేండ్ల పిదప, 1970 దశకమున, ఎం.ఎల్.కె. మూర్తిగారు అదే ప్రాంతమున ముచ్చట్ల చింతమాను గవి అను గుహలో త్రవ్వకము జరిపిరి. అచ్చట రాతి పనిముట్లకంటె ఎముక పనిముట్లే ఎక్కువగా దొరకినవి. వానితో మనుబోతు, కృష్ణజింక, కణితి, దుప్పి, అడవిపంది మొదలగువాని ఎముకలును, కాలిన మట్టితో ఒక పొయ్యియు బయల్పడినవి. ఆ కాలిన మట్టిని శాస్త్రరీత్యా పరీక్షింపగా అది సుమారు 17 నుండి 19 వేల యేండ్ల నాటిదని తేలినది. పొయ్యి, ఎముక, పనిముట్టు మూడును ఒక్కచోట, ఒక్క పొరలో కలిసియుండుటచేతనే ఒక పూట భోజనముయొక్క కథ మనకు తెలిసినది. ఈ మూడింటిలో దేనిని వేరుచేసినను కథ తెగిపోయెడిది.

అదే జిల్లాలో జుర్రేరు లోయయందలి జ్వాలాపురము మరియొక పాఠము చెప్పుచున్నది. సుమారు 74 వేల యేండ్ల క్రిందట ఇండోనేషియా దేశమున సుమత్రా ద్వీపములోని టోబా అగ్నిపర్వతము బ్రద్దలై, ఆ బూడిద సముద్రములు దాటి వచ్చి ఈ లోయలో దళసరిగా పేరుకొనినది. బూడిదకు క్రింది పొరలోను, పై పొరలోను రాతి పనిముట్లు దొరకినవని రవి కొరిసెట్టరు, మైకేలు పెట్రాగ్లియా మొదలగు పండితులు 2007లో ప్రకటించిరి. అంతటి ఉత్పాతమునకు ముందును, తరువాతను అచ్చట మనుష్యులు జీవించిరని దానివలన తెలిసినది. సమీపమునగల ఒక రాతి నీడలో 35 వేల యేండ్ల క్రిందటినుండి చిట్టి రాతి పనిముట్లు వరుసగా దొరకినవి. ఈ బూడిదను గ్రామస్థులు గుంతలు త్రవ్వి అమ్ముకొనుచుండుటచేతనే పొరలు పైకి కన్పించినవి. ఆ త్రవ్వకముచేతనే పొరలు నశించుచును వచ్చినవి. గుంత త్రవ్వుట చరిత్రను చూపునదియు, చెరుపునదియు కూడ కావచ్చును. ఆ సమయమున ప్రక్కన తెలిసినవాడు నిలిచియుండెనా లేదా అనునదే అందలి భేదము.

వేటాడబడిన జంతువులలో కొన్ని నేడు మన దేశమున లేనే లేవు. ప్రకాశము జిల్లాలో సుమారు 41 వేల యేండ్ల నాటి నిప్పుకోడి గూడు గ్రుడ్ల పెంకులతో దొరకినట్లు 2024లో బరోడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. ఆఫ్రికా ఖండపు పక్షియని మనమనుకొను నిప్పుకోడి ఒకనాడు తెలుగుసీమలో గ్రుడ్లు పెట్టినది.

బండలపై బొమ్మలు

వేటగాండ్రు తమ మృగములను బండలపై జేగురు రంగుతో చిత్రించిరి. జయశంకరు భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్టయందును, మెదకు జిల్లా నర్సాపూరు అడవిలో హస్తాలపూరునందును, కడప జిల్లాలో చింతకుంటయందును ఇట్టి చిత్రములు గలవు. జింకలు, అడవిదున్నలు, వన్యమృగములు, చేతులు చాచిన మనుష్యులు ఆ బండలపై నేటికిని కన్పట్టుదురు. ఈ చిత్రములన్నియు ఒకే కాలమునాటివి కావు. ఒక తరమువారి బొమ్మపై మరియొక తరమువారు బొమ్మ వ్రాసిరి. వానకు, ఎండకు తట్టుకొని వేల యేండ్లు నిలిచిన ఈ రంగు, ఒక్క డబ్బా సున్నముతోనో, పేరు చెక్కు ఒక్క ఉలితోనో చెడిపోవును.

అడవి విద్య నెరిగినవారు

ఉచ్చులవలె నేలలో మిగులని సాధనముల సంగతి తెలిసికొనుటకు పండితులు అడవి బ్రతుకు ఎరిగిన జనులను ఆశ్రయించిరి. మూర్తిగారు బోయ, యానాది, ఎరుకల వారి వేట పద్ధతులను, ఉచ్చులను, వలలను పరిశీలించి వానితో గుహలలోని సాక్ష్యమును పోల్చి చూచిరి. అంతకు పూర్వమే నల్లమలలోని అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించిన హైమన్‌డార్ఫు అను పండితుడు వారిని గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో అచ్చయినది. విల్లమ్ములు చెంచుల చేతినుండి విడువనివైనను, వారి కడుపు నింపినవి ముఖ్యముగా దుంపలు, పండ్లు, ఆకులే యనియు, దుంపలు త్రవ్వు కర్ర వారికి విల్లుకంటె ముఖ్యమనియు ఆ గ్రంథమువలన తెలియుచున్నది.

ఇందుండి మనము రెండు సంగతులను గ్రహింపవలెను. చెంచులు నేటి పౌరులు, మనవలె ఓటు హక్కుగలవారు. వారిని రాతియుగపు శేషముగా తలచుట తప్పు. వారికి గల అడవి విద్య మాత్రము గౌరవింపదగినది. ఇక రెండవ సంగతి. ఆదిమానవుని వేటగాడని మాత్రమే పిలుచుట చాలదు. వేట ఒకనాడు ఫలించును, నాలుగు నాళ్ళు ఫలింపదు. ఆ నాలుగు నాళ్ళును స్త్రీలును, పిల్లలును, వృద్ధులును ఏరి తెచ్చిన దుంపలు, గింజలు, తేనె, చేపలు, తాబేళ్ళు, ఉడుములు జనులను బ్రతికించినవి. పేరు వేటకు వచ్చినను ప్రాణము ఏరుకొను చేతులయందు నిలిచినది.

వేటనుండి మందకు

కాలక్రమమున మనుష్యుడు మృగమును చంపుటకు మారుగా దానిని పెంచుట నేర్చెను. ఈ మార్పునకు సాక్ష్యము మన తెలంగాణములోనే కలదు. పూర్వపు మహబూబునగరు జిల్లాలో, కృష్ణానదికి చేరువలోనున్న ఉట్నూరునందు ఒక పెద్ద బూడిద దిబ్బ ఉండెను. 1957లో ఆల్చిన్ అను పురావస్తు పండితుడు దానిని త్రవ్వి పరిశీలించెను. దుంగలు పాతి కట్టిన పశువుల దొడ్డి ఆనవాళ్ళును, పశువుల గిట్టల ముద్రలును బయల్పడినవి. వేలకొలది సంవత్సరములకు పూర్వము అచ్చట మందలను తోలి, పేరుకొనిన పేడను కాల్చుటచేత ఆ దిబ్బ ఏర్పడినది. బూడిద కుప్పయని ఎరువునకు తరలింపదగిన దిబ్బ, మన వ్యవసాయ జీవనపు మొదటి పుటయని తేలినది.

నేటి చట్టము

నాటి మనుష్యునకు వేట ప్రాణాధారము. నేడు అడవి తరిగినది, మృగములు కొలదిగా మిగిలినవి, జనసంఖ్య పెరిగినది. అందుచేత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఉచ్చు పన్నుట, వల వేయుట, విద్యుత్తు తీగ పరచుట అన్నియు నేరములే. విద్యుత్తు తీగకు అడవిపంది చిక్కుటకు ముందే పొరుగు రైతు చిక్కిన సందర్భములు కలవు. పంటకు చేటు తెచ్చు జంతువుల విషయమున అటవీశాఖ అధికారికి తెలిపి, వారి వ్రాతపూర్వకమైన అనుమతి ప్రకారము నడుచుకొనవలెను.

మొయినాబాదు వైపుననే చిలుకూరు చెంత మృగవని జాతీయ వనము కలదు. 1994లో జాతీయ వనముగా ప్రకటింపబడిన ఆ అడవి విస్తీర్ణము సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్లు మాత్రమే. అయినను చుక్కల దుప్పులు, కణితులు, అడవిపందులు అందు నివసించుచున్నవి. ముచ్చట్ల చింతమాను గవి పొయ్యి చెంత ఎముకలుగా దొరకిన జాతులే మన పొరుగున ప్రాణములతో తిరుగుచున్నవి. పాఠశాల బాలురను అచ్చటికి కొనిపోయి ఈ సంబంధమును తెలియజెప్పిన, పుస్తకములోని రాతియుగము వారికి దూరముగా తోచదు.

పంచాయతీ చేయదగిన పనులు

చరిత్ర ఆనవాళ్ళు పెద్ద కోటలయందే యుండునని తలపరాదు. 2023లో మొయినాబాదు మండలము ఎనికెపల్లిలో, పాడుబడిన చెరువు తూమునకు అమర్చియుండిన రెండు రాతి స్తంభములపై జైన తీర్థంకరుల ప్రతిమలను పరిశోధకులు గుర్తించిరి. అవి 9, 10 శతాబ్దములనాటివని వారు నిర్ణయించిరి. ఎందరో రైతులు నీరు విడుచుటకు దినదినము చూచిన రాళ్ళే అవి. వేయి యేండ్ల నాటి ప్రతిమయే ఇట్లు కంటబడకయుండినపుడు, గోరంత చెకుముకి చెక్కును గూర్చి చెప్పనేల?

రాతి పనిముట్టు విషయమున ముఖ్యమైన నియమము ఒకటే. దానిని ఉన్నచోటనుండి కదలింపరాదు. పహాణీ పుస్తకమునుండి చింపి తెచ్చిన ఒక కాగితపు ముక్కపై ‘రెండెకరములు’ అని మాత్రమే యున్నచో, అది ఎవరి భూమియో, ఏ సర్వే నంబరో ఎట్లు తెలియును? తన పొరనుండి ఎత్తిన రాయి అట్టిదే. అది ఏ లోతులో, ఏ మట్టిలో, ఏ ఎముక ప్రక్కన పడియుండెనో తెలిసినచో చరిత్ర. తెలియనిచో అందమైన గులకరాయి.

కావున సభ్యులు ఈ క్రింది సంగతులను గుర్తుంచుకొందురుగాక. వాగు గట్టు తెగినచోట, మొరం గుంత అంచున, చెరువు పూడిక తీయుచోట పదునైన అంచుల రాళ్ళు గుంపుగానో, రాయివలె బరువెక్కిన ఎముకలో, బూడిద పొరయో, కుండ పెంకులో కన్పట్టినచో ఆ చోట త్రవ్వకమును నిలుపవలెను. ఒక రూపాయి బిళ్ళను ప్రక్కనుంచి ఛాయాచిత్రము తీయవలెను. పరిమాణము తెలియుటకు అది సాయపడును. సర్వే నంబరు, తేది, చూచినవారి వివరము పంచాయతీ పుస్తకమున వ్రాసి, తహసీలుదారుద్వారా జిల్లా కలెక్టరునకును, రాష్ట్ర వారసత్వ శాఖకును తెలియజేయవలెను. భూమిలో దొరకిన పది రూపాయల విలువకు మించిన వస్తువును కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము విధించుచున్నది. పురావస్తువులు దేశము దాటకుండుటకు 1972లో మరియొక చట్టము వచ్చినది.

రాకాసి గూళ్ళని జనులు పిలుచు పెద్ద రాళ్ళ సమాధులు, బొమ్మలున్న బండలు గ్రామ సరిహద్దులలో ఉన్నవేమో పెద్దలనడిగి జాబితా వ్రాయించుట మంచిది. పశువులు కాయువారికి, కూలిపని చేయువారికి ఇట్టి చోట్లు అందరికంటె బాగుగా తెలియును. గుట్టను పగులగొట్టుటకో, నేలను చదును చేయుటకో పనులు ఆరంభమగుటకు ముందు ఆ జాబితాను ఒకసారి చూచిన చాలును. బండలపై సున్నము, ప్రకటనలు వ్రాయనీయరాదు.

గుప్తనిధుల భ్రమను గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. రాత్రివేళ వచ్చి సమాధులను, పాత గుడులను త్రవ్వువారివలన కలిగిన నష్టము చెప్పనలవికాదు. ఆదిమానవునికి బంగారము తెలియదు. అతని నిధి రాయి, ఎముక, బూడిద. వానిని తారుమారు చేసినవానికి దక్కునది శిక్ష మాత్రమే. గ్రామమునకు కలుగు నష్టము తీరనిది. ఈ సంగతి గ్రామసభలో పదిమంది యెదుట చెప్పవలెను.

మన సంస్కృతియొక్క వారసత్వమును కాపాడుటయు, అడవులను, వన్యప్రాణులను రక్షించుటయు ప్రతి పౌరుని కర్తవ్యములని రాజ్యాంగమున 1976లో చేర్చిన అధికరణము చెప్పుచున్నది. ఈ రెండు కర్తవ్యములును ఆదిమానవుని వేట కథలో ఒక్కటిగా కలియుచున్నవి. అతడు వేటాడిన మృగపు సంతతి ఇంకను మన పొరుగున జీవించియున్నది. అతడు విడిచిన రాయి మన వాగు గట్టున పడియున్నది. నాటి గుంపు తన ఆహారమును పంచుకొని మనుష్యజాతిని ఇంతవరకు తెచ్చినది. ఆ గుంపు జ్ఞాపకమును రానున్న తరములకు అందించుటకు ధనమక్కరలేదు, యంత్రమక్కరలేదు. మట్టి తవ్వు మనిషి పదునైన రాతిని చూచి ఒక క్షణము చేయి ఆపి, సర్పంచునకు కబురుచేసిన చాలును. అట్లు ఆగవలెనని అతనికి చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులు.